గాజుల కొలత

మధ్యాహ్నం పెరుగన్నం తినడానికి నేను ఇంటి నుంచి చెంచా పట్టుకెళ్తాను. మామూలు స్టీలు చెంచాయే. కాడకు మాత్రం లేత నీలం రంగు ప్లాస్టిక్ పిడి ఉంటుంది. నల్లవంకాయంత లావు, ఒక పక్కకు కొద్దిగా ఒంగి, నాలుగు వేళ్లకు నాలుగు పల్లాలు. నా వేళ్లు వాటిలో సరిగ్గా కూర్చోవు. అది నా చేతికి చేసింది కాదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక చిన్న కర్మాగారానికి గురు, శుక్ర, శనివారాలు వెళ్తాను. ముప్పై ఒక్క ఏళ్లు పెద్ద ప్లాంటులో, డ్రాయింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాక, డ్రాయింగులు సరిచూడడానికి వీళ్లు పిలిచారు. ఇంట్లో కూర్చుంటే రోజు ఎక్కడా తెగదు కనుక ఒప్పుకున్నాను. ఆ వరుసలో ఉన్న మూడు కర్మాగారాలకూ కలిపి ఒకటే క్యాంటీన్. గంట కొట్టాక నూట ఎనభై మంది అరగంటలో తిని లేవాలి. రద్దీ తగ్గాక, చివరన వెళ్లి గోడవైపు బల్ల దగ్గర కూర్చుంటాను. అక్కడైతే ఎదురుగా ఎవరూ లేరన్న సంగతి అంతగా కనపడదు.

ఆ గురువారం పప్పు వడ్డించే సంగమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నలభై దాటిన మనిషి. ఊరు సంగారెడ్డి అవతల కొండాపూర్ వైపు. ఇప్పుడు పటాన్‌చెరులోనే ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. నేను ఆమెను మీరు అంటానని తక్కిన ఆడవాళ్లు నవ్వుకుంటారని నాకు తెలుసు.

“సారు, ఆ చెంచ ఒకపారి చూపెట్టరా?”

కడిగి ఇచ్చాను. ఎడమచేత్తో తీసుకుని కుడిచేతిలోకి మార్చింది. అప్పుడు చూశాను. కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు మొదలంటా లేవు. రెండేళ్ల కిందట ఇంకెక్కడో ఇనుపరేకులు నొక్కే ప్రెస్సు మీద పోయాయట. ఆ షెడ్డు ఇప్పుడు మూతపడింది. ఇన్నాళ్లుగా ఆమె వడ్డిస్తుంటే నేను పప్పునే చూశానన్నమాట, చేతిని కాదు.

ఎవరు చేశారని అడిగింది. నేనే చేశానన్నాను. ఎవరికని అడిగితే మా ఆవిడకి అన్నాను. ఆమెకు కీళ్లవాతం ఉండేదని, చెంచా పట్టుకోలేకపోయేదని, రెండేళ్లయింది పోయి అని చెప్పాను. సంగమ్మ అయ్యో అనలేదు. వెళ్లి గిన్నెలోంచి ఇంకో గరిటెడు పెరుగు తెచ్చి నా పళ్లెంలో వేసి, అప్పుడు అడిగింది.

“గరిటకు గూడ అయితదా సారు, గిట్ల?”

సంగతి ఇది. ఆ మంగళవారం ఒక్కరోజే గరిటె మూడుసార్లు ఆమె చేతిలోంచి జారింది. మూడోసారి వేడి సాంబారు ఒక బిహారీ కుర్రాడి బూటు మీద పడింది. లైను ఆగింది. క్యాంటీన్ చూసుకునే శివకుమార్ ఆమెను పక్కకు పిలిచి, సోమవారం నుంచి వడ్డనకు వేరే మనిషిని పెడతానని చెప్పాడు. గిన్నెలు తోమేచోట మనుషులు నిండుగా ఉన్నారు. అంటే సోమవారం నుంచి ఆమెకు అక్కడ పని లేదు. ఈ చేత్తో ఇంకొకచోట ఎవరూ పెట్టుకోరని ఆమెకు తెలుసు. ఈ రెండేళ్లలో తొమ్మిది గేట్ల దగ్గర అడిగి చూసిందట.

శివకుమార్ చెడ్డవాడేమీ కాదు. లైను నిమిషం ఆగితే మూడు ఆఫీసుల నుంచి ఫోన్లు అతనికే వస్తాయి.

చూస్తానని చెప్పాను. చేస్తానని అనలేదు. ఎందుకు అనలేకపోయానో ఇంటికి వెళ్లే దారంతా ఆలోచించాను.

పటేల్‌గూడలో మాది రెండు గదుల ఇల్లు. పిల్లలు లేరు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద త్రీడీ ప్రింటర్. దాని మీద మా ఆవిడ అన్నపూర్ణ పాత నేతచీర ముక్క కప్పి ఉంటుంది. దుమ్ము పడకుండా ఆమే కప్పింది. ఆమె పోయాక నేను దాన్ని తీయలేదు.

ఆ ప్రింటర్‌తో వస్తువులు చేయడం రిటైరయ్యే ముందు నేర్చుకున్నాను. బొమ్మను మౌసుతో గీయను, మాటల్లో రాస్తాను. ఇంత పొడుగు దిమ్మ పెట్టు, మధ్యలోంచి ఇంత లావు కాడ పట్టేటట్టు బెజ్జం తీసెయ్, ఈ అంచును ఇంత గుండ్రం చెయ్. ఇలా వరుసగా పంక్తులు. పైన ఒక అంకె మారిస్తే కింద ఆకారం మొత్తం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. దాన్ని ప్రింటర్‌కు పంపితే ప్లాస్టిక్ తీగను కరిగించి, పొర మీద పొర పోస్తూ వస్తువును నిలబెడుతుంది. డ్రాయింగ్ బల్ల మీద పనిచేసిన రోజుల్లో రబ్బరుతో చెరిపేసిన గీత మళ్లీ దొరికేది కాదు. ఇందులో ఏదీ పోదు. మార్చి దాచుకున్న ప్రతిసారీ, ఎందుకు మార్చానో ఒక ముక్క రాసి పెట్టుకోవచ్చు. అన్నీ తేదీలతో సహా ఉంటాయి.

అన్నపూర్ణ పిడి ఫైలులో ఆ ముక్కలన్నీ ఆమె మాటలే. ఆమె ఏం వంక పెడితే అదే రాసేవాణ్ని.

“కాఫీ కలుపుతుంటే జారింది.”

“అంచు గుచ్చుతోంది. మొసలి వీపులా ఉందండీ.”

“పట్టు బాగుంది. రంగు బాలేదు.”

“ఈ రంగు పరవాలేదు.”

ఇలా నలభై మూడు ఉన్నాయి. చివరిది: “ఇవాళ వద్దు, రేపు చూద్దాం.” ఆ రేపు ఆసుపత్రికి వెళ్లాం.

ఆ తర్వాత ఫైలు తెరవలేదు. ఇంకో చేతి కోసం అందులో అంకెలు మార్చి, నలభై నాలుగో ముక్క రాయాలంటే ఆ చివరి మాట కింద నా మాట పడుతుంది. నేను చేస్తాననలేకపోవడానికి కారణం ఇంతే. ఇది ఎవరికైనా చెప్పుకోదగిన కారణం కాదు. ఒక మనిషి పని పోతుంటే అసలే కాదు. చీరముక్క తీసి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టి కూర్చున్నాను.

ఫైలులో మొట్టమొదటి పంక్తి గాజుల సైజు. దానికో కథ ఉంది. అన్నపూర్ణ వేళ్ల కీళ్లు వాచిపోయి, కొలిచే పరికరం తగిలితే చాలు చెయ్యి లాక్కునేది. ఎలాగని నేను తల పట్టుకుంటే ఆమే చెప్పింది. పాతికేళ్లుగా నా గాజులు కొంటున్నది మీరేగా, సైజు తెలుసుగా, దాన్నిబట్టి లెక్క కట్టుకోండి అని. రెండు-నాలుగు. రెండంగుళాల మీద నాలుగు పదహారో వంతులు. పండక్కి సంగారెడ్డి బజారులో నేను ఒక్కణ్నే వెళ్లినా కొట్లో ఆ సైజు చెప్పి తెచ్చేవాణ్ని. గాజును బట్టి అరచేతి వెడల్పు, దాన్ని బట్టి వేళ్ల లావు, దాన్ని బట్టి పిడి చుట్టుకొలత. అలా రాసుకుంటూ పోయాను. పిడి సరిగ్గా అమరింది. డ్రాయింగ్ సెక్షన్‌లో ఇన్నేళ్లు నేను చేసిన లెక్కలన్నిటిలోకీ అదే గొప్పదని మురిసిపోయాను కూడా.

అందుకని పని సులువే అనుకున్నాను. సంగమ్మ గాజుల సైజు ఒకటి తెలిస్తే చాలు.

శుక్రవారం భోజనాలయ్యాక, ఆడవాళ్లంతా గిన్నెలు సర్దుతుండగా, వడ్డన బల్ల దగ్గరికి వెళ్లి అడిగాను.

“సంగమ్మ గారూ, మీ గాజుల సైజు ఎంత?”

చప్పుడు ఆగిపోయింది. ఒకామె చేతిలో పళ్లేల దొంతరతో అలాగే నిలబడిపోయింది. సంగమ్మ నా వైపు చూడలేదు. బల్ల తుడుస్తున్న గుడ్డను రెండు మడతలు పెట్టింది.

“రెండు ఆరు, సారు,” అంది. “అప్పట్ల.”

గుడ్డ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అప్పట్ల అన్న మాట నాకు వెంటనే అందలేదు. పెద్ద వంటమనిషి పుష్పమ్మ నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, పరాయి ఊరివాడికి దారి చెప్పినట్టు చెప్పింది.

“దానికి గాజులెక్కడివి సారు? మొగడు పోయి నాలుగేండ్లాయె.”

క్యాంటీన్‌లో పనిచేసేటప్పుడు ఎవరూ గాజులు వేసుకోకూడదని రూలు. వస్తూనే తీసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుంటారు, పోయేటప్పుడు తొడుక్కుంటారు. అక్కడ అందరి చేతులూ బోసివే. ఎవరివి సాయంత్రం దాకా బోసివో, ఎవరివి ఎప్పటికీ బోసివో నాలాంటివాడికి తెలియదు. తెలుసుకుని అడగాల్సింది.

ఆ సాయంత్రం బస్సులో నా చేతి గడియారం వైపు చూసుకున్నాను. పెళ్లికి మామగారు పెట్టినది. వేలికి ఉంగరం ఉంది, అదీ అప్పటిదే. అన్నపూర్ణ పోయిన పదకొండో రోజున ఎవరూ వచ్చి వాటిని తీయమనలేదు. నా నుంచి ఎవరూ ఏమీ తీసుకోలేదు. నేనూ ఒంటరిని, ఆమె కూడా ఒంటరిదే అనుకుంటే సరిపోదని ఆ రోజు తెలిసింది.

సిగ్గుతోనే అయినా పని చేశాను. రెండు-నాలుగు ఉన్నచోట రెండు-ఆరు కొట్టాను. వేళ్ల పల్లాలు నాలుగులోంచి రెండు తీసేశాను. గరిటె కాడ లావును బట్టి బెజ్జం పెద్దది చేశాను. చెంచా కన్నా గరిటెకు వేడి ఎక్కువ తగులుతుంది కనుక వేడికి మెత్తబడని రకం ప్లాస్టిక్ తీగ ఎక్కించాను. ఫైలును మాత్రం దాచుకోలేదు. దాచుకుంటే ఆ నలభై నాలుగో ముక్క రాయాలి. ఆకారాన్ని మాత్రం ప్రింటర్‌కు పంపి, ఏమీ మార్చనట్టే ఫైలు మూసేశాను. రెండేళ్ల తర్వాత ఆ గదిలో మళ్లీ ప్రింటర్ చప్పుడు, కుట్టుమిషను నెమ్మదిగా తొక్కుతున్నట్టు. వంటింట్లో ఉండి వింటే పక్కగదిలో ఎవరో ఉన్నట్టే ఉంది.

శనివారం గంట కొట్టకముందే వెళ్లి ఇచ్చాను. సంగమ్మ నిన్నటి సంగతి ఎత్తలేదు. అది ఆమె దయ. పిడిని గరిటెకు తొడిగి, బిగించి, పప్పు గుండిగలో ముంచింది. గరిటె పైకి వచ్చింది. పళ్లెం మీదికి తిప్పబోయేసరికి పిడి ఆమె చేతిలో గిర్రున తిరిగింది. పప్పు నేల మీద పడింది. ఇంకోసారి ముంచింది. ఇంకోసారి పడింది. గుమ్మం దగ్గర నిలబడ్డ శివకుమార్ చూశాడు. గోడ మీది గడియారం వైపు చూసి లోపలికి వెళ్లాడు. అరిచినా బాగుండేది.

ఆ రోజు ఆమె ఎడమచేత్తోనే వడ్డించింది. లైను గేటు దాకా సాగింది. అంతా అయ్యాక పిడిని ఊడదీసి, కడిగి, తుడిచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“సారు, కోపం చేయకుండ్రి. గిది నా చెయ్యి గాదు.”

ఎవరి చెయ్యో నాకు అప్పుడు తెలిసింది. పిడి పక్కకు ఒంగి ఉంది. ఆ ఒంపు గాజుల లెక్కలోంచి వచ్చింది కాదు. అన్నపూర్ణ బొటనవేలు లోపలికి తిరిగిపోయి ఉండేది. అందుకని ఎప్పుడో ఒక రోజు నేనే పన్నెండు డిగ్రీలు ఒంచాను. ఎందుకో పక్కన రాయలేదు, అంకె మాత్రం వేశాను. అలాంటి అంకెలు లోపల ఇంకెన్ని ఉన్నాయో. ఆమె ఏదో అనడం, నేను ఒక అంకె సర్దడం, ఆమె మళ్లీ ఏదో అనడం. పిడి అమరింది నా గాజుల లెక్క వల్ల కాదు. ఆమె నలభై మూడుసార్లు వంక పెట్టడం వల్ల.

సంగమ్మ చేతిని సంగమ్మ చేతిగానే కొలవాలి. కొలిచే పరికరం నా సంచిలోనే ఉంది. కాని పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకుని, నలుగురి ఎదుట, తెగిన వేళ్ల మొదళ్ల దగ్గర దాని ఇనుప దవడలు పెట్టి ఎలా కొలవాలి? నేను తటపటాయిస్తుంటే పుష్పమ్మ పొయ్యి దగ్గర్నుంచి అంతా చూస్తూనే ఉంది.

“కొలతకు గాజులెందుకు సారు, చెయ్యి ఉన్నది గదా,” అంది.

ఉత్తరాది కార్మికుల కోసం రోజూ చపాతీలు చేస్తారు. తడిపి ఉంచిన పిండిలోంచి పుష్పమ్మ ఒక పెద్ద ముద్ద తీసి, గరిటె కాడకు చుట్టూ పామి, సంగమ్మ చేతికిచ్చింది.

“గట్టిగ పట్టు పిల్లా. మీ ఆడిబిడ్డ మెడ అనుకో.”

సంగమ్మ నవ్వింది. నవ్వుతూనే పట్టింది. నిన్న పళ్లేల దొంతర పట్టుకున్నామె కూడా నవ్వింది. చెయ్యి తీశాక పిండి మీద ఆమె పట్టు అలాగే మిగిలింది. ఉంగరపు వేలు లోతుగా, చిటికెన వేలు ఇంకా లోతుగా. బరువంతా ఆ రెండే మోస్తున్నాయి. బొటనవేలు ఎక్కడో పైకి వెళ్లి కాడ మీద నిలువుగా ఒత్తుకుంది. పోయిన రెండు వేళ్ల చోట చిన్న గుంటలు కూడా లేవు, నున్నగా ఉంది. ఆ చోటును చూపించి ఆమె మెల్లగా చెప్పింది.

“గీడ తాకొద్దు సారు. తాకితె కరెంటు కొట్టినట్టయితది.”

పిండి ఎండకముందే బల్ల మీద పెట్టి ప్రతి లోతూ, ప్రతి దూరమూ కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. ముద్దను నేను కొలుస్తున్నంతసేపూ సంగమ్మ పక్కన నిలబడి చూసింది. ఒకచోట నేను తప్పు వైపు నుంచి కొలుస్తుంటే, అటు కాదు ఇటు అని తలతో చూపింది. పని అయ్యాక పుష్పమ్మ ఆ పిండిని పారెయ్యకుండా పక్కన పెట్టింది. సాయంత్రం వచ్చే ఆవుకు పనికొస్తుందట.

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. ముందు అనుకున్నది అన్నపూర్ణ అంకెలు చెరిపేసి సంగమ్మవి పెట్టడం. పాతవి ఫైలు చరిత్రలో తేదీలతో సహా ఉంటాయి, ఎక్కడికీ పోవు. ఆ సంగతి తెలిసీ చెయ్యి రాలేదు. తర్వాత ఇంకో దారి తోచింది. ఫైలును పైనుంచి కిందికి ఒక్కో పంక్తీ చదువుతూ, పేరు లేని అంకె ఎక్కడ కనపడితే అక్కడ ఆగి, అది దేనిదో గుర్తు తెచ్చుకుని దానికో పేరు పెట్టాలి.

పన్నెండు. అది బొటనవేలి వంపు.

మూడు. ఉంగరపు వేలి కణుపు వాచినప్పుడు ఆ పల్లాన్ని మూడు మిల్లీమీటర్లు లోతు చేశాను. వాపు తగ్గాక మళ్లీ తగ్గిస్తానన్నాను. తగ్గలేదు.

ఏడున్నర. ఇది ఎంతకీ గుర్తు రాలేదు. ఆమె మాటల్లో వెతికితే దొరికింది. “చిటికెన వేలు ఎక్కడ పెట్టుకోవాలండీ, దానికి ఇల్లే కట్టలేదు మీరు.” ఆ వేలి కోసం చివరన పెట్టిన అరుగు ఏడున్నర.

అలాంటివి పదిహేడు దొరికాయి. పేర్లు పెట్టడం అయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండయింది. రెండేళ్లుగా ఆమె ముఖం తలుచుకుంటున్నాను, ఫోటో ఉంది కనుక. చేతిని తలుచుకోలేదు. ఆ పదిహేడు అంకెలు వరుసగా చదివితే చెయ్యి కనపడింది, ఎటు వాచిందో, ఎటు వాలిందో, కాఫీ కప్పును ఎలా పట్టుకునేదో.

అవన్నీ ఒకచోట చేర్చి పైన అన్నపూర్ణ అని పేరు పెట్టాను. దాని కింద అవే పదిహేడు పేర్లతో ఇంకో వరుస రాసి, నోటుబుక్కులోని కొలతలు వేసి, సంగమ్మ అని పెట్టాను. తెగిన వేళ్ల చోట ఏమీ తాకకుండా ఒక లోయ కావాలి. దానికి అన్నపూర్ణ వరుసలో సున్నా వేశాను. ఇప్పుడు ఫైలు చివర ఏ పేరు రాస్తే ఆ చేతికి పిడి తయారవుతుంది. ముందు అన్నపూర్ణ అని రాసి చూశాను. నీలం చెంచా పిడి తెర మీదికి వచ్చింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. దాన్ని ఒకసారి చుట్టూ తిప్పి చూసి, పేరు మార్చాను. ఆకారం కదిలింది. పన్నెండు డిగ్రీల వంపు సరయింది, బొటనవేలి పల్లం పైకి నడిచింది, నడుము దగ్గర లోయ పడింది.

గాజుల సైజు పంక్తి మిగిలిపోయింది. ఇప్పుడు దాన్ని ఏ లెక్కా వాడుకోదు. అలాంటివి తీసేయాలని కొత్తవాళ్లకు నేనే చెబుతుంటాను. రెండు-నాలుగు. దాన్ని అన్నపూర్ణ వరుసలో మొదటిదిగా పెట్టి వదిలేశాను. సంగమ్మ వరుసలో ఆ పంక్తి రాయలేదు.

ప్రింటర్‌కు అయిదు గంటలు పట్టింది. ఆదివారాల్లో మా వైపు లైన్ల మరమ్మతని కరెంటు తీసేస్తుంటారు. ఆ రోజు తీయలేదు. ఇలాంటివాటికి ఎవరికి కృతజ్ఞత చెప్పాలో నాకెప్పుడూ తెలియదు.

సోమవారం నాకు పని లేని రోజు. అయినా ఆటోలో పటాన్‌చెరు వెళ్లాను. గంట కొట్టడానికి పది నిమిషాల ముందు సంగమ్మ పిడిని తొడిగి బిగించుకుంది. చేతిలో పట్టుకుని కాసేపు కదలకుండా నిలబడింది. వడ్డన బల్ల చివర ఇంకో ఆమె కూర్చుని ఉంది, కొత్త చీర, ఒడిలో టిఫిన్ డబ్బా. శివకుమార్ రమ్మని చెప్పిన మనిషి.

గంట కొట్టింది. లైను లోపలికి వచ్చింది. మొదటి పళ్లెంలో పప్పు పడింది, పళ్లెంలోనే. రెండోదాంట్లో. మూడోదాంట్లో. అయిదోవాడు థోడా ఔర్ అన్నాడు, ఇంకొంచెం వేసింది. శివకుమార్ గుమ్మం దగ్గర గడియారం వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. లైను సగంలో ఒకసారి పిడి కొద్దిగా తిరిగింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె చిటికెన వేలితో అరుగును బిగించి పట్టింది. గరిటె నిలిచింది. నేను కూర్చున్నాను. ఎడమచేతికి మార్చుకోకుండా చివరిదాకా వేసింది. ఆఖరి మనిషి బల్ల దగ్గరికి వెళ్లేసరికి వడ్డనకు ఇచ్చిన సమయంలో ఇంకా మూడు నిమిషాలు మిగిలాయి.

శివకుమార్ వచ్చి గరిటె అందుకున్నాడు. పిడిని అటూ ఇటూ తిప్పి, వేళ్లు ఎలా పెట్టాలో తెలియక రెండు మూడు రకాలుగా పెట్టి చూశాడు.

“ఇదేంది, నాకు పట్టుకోనీకి వస్తలేదు.”

“నీది గాదు గదా సారు,” అంది సంగమ్మ, చెయ్యి చాపి గరిటె తీసుకుంటూ.

పుష్పమ్మ గట్టిగా నవ్వింది. శివకుమార్ నవ్వలేదు కాని రేపు టిఫినుకు జల్దీ రమ్మని, ఉప్మా ఉందని సంగమ్మకు చెప్పాడు. తర్వాత కొత్త చీర ఆమె దగ్గరికి వెళ్లి, ఏదో మెల్లగా మాట్లాడి, తన ఫోనులో ఇంకెవరిదో నంబరు చూసి రాసిచ్చాడు. ఆమె తల ఊపి, టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని గేటువైపు నడిచింది. ఆమె వెళ్లేదాకా సంగమ్మ అటే చూసింది. నేనూ చూశాను. ఆమెకూ ఎక్కడో ఒకచోట దొరకాలి.

నేను పళ్లెం పెట్టుకుని గోడవైపు బల్ల దగ్గర కూర్చున్నాను. సంగమ్మ పెరుగు తెచ్చింది. వేసి వెళ్లిపోలేదు. కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పిసుక్కుంటూ నిలబడింది.

“మంచిగనే ఉన్నది సారు. జెర బరువైంది. ఆఖరికొచ్చెతల్కి మణికట్టు గుంజుతున్నది.” “చెప్పొచ్చునో చెప్పొద్దో,” అంది.

చెప్పాలన్నాను. ఎక్కడ గుంజుతోందో అడిగాను. చూపించింది. నోటుబుక్కు తీసి రాసుకున్నాను. నా పనికి వంక పెట్టే మనిషి ఇంట్లో లేక రెండేళ్లయింది.

“రంగు గూడ గింత ముసలిదాని లెక్కున్నది,” అంది వెళ్తూ వెళ్తూ. “ఎర్రది ఉండదా సారు?”

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాను. ఫైలు నిన్నటి నుంచి తెరిచే ఉంది, చేసిన మార్పులేవీ ఇంకా దాచుకోలేదు. “ఇవాళ వద్దు, రేపు చూద్దాం.” దాని కింద ఖాళీ గడి, ఏం మార్చావో రాయమని. చాలాసేపు చూశాను. తర్వాత సంగమ్మ అన్నది అన్నట్టే రాశాను: “జెర బరువైంది. మణికట్టు గుంజుతున్నది. ఎర్రది ఉండదా.” చివర ఆమె పేరు పెట్టాను. పైమాట ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉంది, కింద ఇంకో మాట ఉందంతే.

లోపల డొల్ల చేస్తే బరువు తగ్గుతుంది. గోడల మందం అంకె ఒకటి మార్చాను, ఈసారి పేరు పెట్టి. అలమారలో అడుగున ఎర్ర తీగ చుట్ట ఒకటి దొరికింది. అన్నపూర్ణ వద్దన్న రంగు. ప్రింటర్‌కు ఎక్కించాను. తెర మీద నాలుగు గంటల పది నిమిషాలు అని చూపించింది. మొదటి పొర నిలబడేదాకా చూసి, బియ్యం కడగడానికి లేచాను.